పిలిచేది ఊరు, మోసేది బిడ్డ

రాజోలు వైపు నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులైందట. ఇరవై ఒకటో నాడు బారసాల. కాలం చేసిన తమ అత్తగారి పేరు, మాణిక్యాంబ అని, పెట్టి తీరాలంటున్నారు అత్తగారు. హస్తా నక్షత్రం గనుక పు, ష, ణ, ఠ లలో ఒక అక్షరం ముందుండాలన్నారు పురోహితులు. అమెరికాలో ఉన్న భర్తేమో అక్కడివాళ్ళకి నోరు తిరిగే పేరు చూడమని రోజూ ఫోను చేస్తున్నారు. ఈమెకు మాత్రం ఊరి పక్కన పారే ఏటి పేరు, వైనతేయ అని, పెట్టుకోవాలని ఉంది. చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు గదా అని. ఇప్పుడు పేరు మాట ఎత్తితే చాలు, ఇంట్లో ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోతున్నారట. ఏం చేయమంటారని అడిగారు.

ముందుగా ఒక మాట. కొత్త పేరు కావాలనుకోవడం తప్పేమీ కాదు. ఆ మోజు ఇవాళ పుట్టిందీ కాదు. స్వాతంత్ర్యోద్యమం కాలంలోనూ, ఆ తరువాతా మన జిల్లాల్లో బోసులు, నెహ్రూలు, గాంధీలు, ఝాన్సీలు ఎంతమంది పుట్టలేదు? రామచంద్రపురం నుంచి శాసనసభకు వెళ్ళి మంత్రిగా చేసిన పిల్లి సుభాష్ చంద్రబోస్ గారి పేరూ, జగ్గంపేట జ్యోతుల నెహ్రూ గారి పేరూ వినలేదూ? అంతకు ముందు తరాల్లో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, మళ్ళీ పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ళ మీదో ఒకసారి పడుకోబెట్టి తీసి, పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవారు. చెవికి మోటుగా ఉండవచ్చు. కాని ఆ పేరులో ఉన్నంత తల్లి ప్రాణం మనం నిఘంటువు చూసి ఏరే పేర్లలో ఉందా? ఏ తరమైనా తన భయాన్నీ తన ఆశనీ కలిపే బిడ్డకు పేరు పెడుతుంది.

ఇక కోనసీమవారికి పేర్ల కరువేమిటి? పలివెల కొప్పేశ్వరుడు, ముక్తేశ్వరం ముక్తేశ్వరుడు, మురమళ్ళ వీరేశ్వరుడు, ర్యాలి జగన్మోహినీ కేశవుడు, అంతర్వేది నరసింహుడు, గోదావరి పాయ దాటితే ద్రాక్షారామం భీమేశ్వరుడూ మాణిక్యాంబా. కొప్పేశ్వరరావు గారంటే పలివెల వైపు వారు కాబోలుననుకునేవారు. ఇవాళ ఏ బడికైనా వెళ్ళి "సాయీ" అని పిలిచి చూడండి, వరసకు ఇద్దరు లేచి నిలబడతారు. సీతా అని పిలిస్తే పలికేవాళ్ళు ఎందరుంటారు? గన్నవరంలో ఆకలితో వచ్చిన ప్రతివారికీ వండి వడ్డించిన డొక్కా సీతమ్మ గారి పేరును అక్కడి కొత్త అక్విడక్టుకు పెట్టుకున్నాం. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టుకున్నాం. ఇంట్లో పుట్టిన పిల్లకు మాత్రం పాతదంటాం. అందుచేత అరుదైన పేరు కావాలంటే ఎక్కడికో పరుగెత్తనక్కరలేదు. ఒక తరం వెనక్కి వెళ్ళినా దొరుకుతుంది, ఊరి గుడి దాకా వెళ్ళినా దొరుకుతుంది.

దొరికిన పేరును ఖాయం చేసే ముందు మూడు పరీక్షలు పెట్టాలి.

మొదటిది పిలుపు. వరండాలో నిలబడి, కాలవ గట్టు మీద ఆడుకునే పిల్లకు వినిపించేట్టు ఆ పేరు గట్టిగా పిలవండి. తెలుగు పిలుపులో చివరి అచ్చు సాగుతుంది. గౌతమీ! సీతా! వినాయకా! పొల్లుతో ఆగిపోయే పేర్లు ఆ సాగుడుకు లొంగవు. మనవాళ్ళు దానికొక 'ఊ'నో 'బాబూ'నో తగిలించి తమ దారికి తెచ్చుకుంటారు. పైగా గోదావరి జిల్లాల్లో ఏ పేరునూ పూర్తిగా పిలవరు. సత్యనారాయణ సత్తిబాబవుతాడు, వీరేశ్వరరావు వీరబాబవుతాడు. కనుక మీరు పెట్టే పేరును ఊరు ఎలా కత్తిరిస్తుందో ముందే ఊహించుకోండి. కత్తిరించిన ముక్క కూడా ముద్దుగా ఉంటే ఆ పేరు నిలుస్తుంది. నాలుగైదు పేర్లు గుదిగుచ్చినా లోకం ఒకటే ఏరుకుంటుంది. మన అమలాపురం నుంచి వెళ్ళి 1998లో లోక్‌సభ స్పీకరైన గంటి మోహనచంద్ర బాలయోగి గారు దేశానికంతటికీ బాలయోగి గారే.

రెండోది వ్రాత. పేరు విన్నవారు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ ఒక్కటే విధంగా వ్రాయగలగాలి. శ, ష, స లు కలగాపులగమయ్యే పేర్లూ, సంఖ్యాశాస్త్రం కోసం రెండేసి అక్షరాలు అదనంగా చేర్చిన పేర్లూ బడి రిజిస్టరులో ఒకలాగా, ఆధార్ కార్డులో మరొకలాగా పడతాయి. తరువాత అవస్థ పడేది పిల్లే. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని ఇరవై ఒక్క రోజుల్లోగా నమోదు చేయించాలి. పేరు కుదరకపోతే బిడ్డ పుట్టిందని మాత్రమే వ్రాయించి, పేరును ఏడాదిలోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఈ సంగతి తెలియక బారసాల ముందు రోజు గాభరాపడి ఏదో ఒక పేరు వ్రాయించేవారున్నారు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకైతే బడిలో చేర్చడానికీ, ఓటర్ల జాబితాకూ, డ్రైవింగ్ లైసెన్సుకూ పుట్టిన తేదీ రుజువు ఆ జనన ధ్రువపత్రమే. అందుచేత అందులో పడే అక్షరాలు నిదానంగా చూసుకోవాలి. ఇంటిపేరూ, పేరూ విడివిడిగా వ్రాయించండి. పాస్‌పోర్టులో రెండు గళ్ళకూ కలిపి ఒకే పేరుంటే, అమెరికా వీసాలో సొంతపేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం! ఇంత తంటాలు పడి పేరు పెట్టింది అందుకా?

మూడోది అర్థం. ఇక్కడే మన సోదరి కాస్త ఆగాలి. గన్నవరం దగ్గర వసిష్ఠ గోదావరి నుంచి చీలే వైనతేయ పాయ అందమైనదే, పేరూ అందమైనదే. నది గనుక అది ఆడపేరనిపిస్తుంది. కాని వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. రేపు బడిలో సంస్కృతం చెప్పే మాస్టారు నవ్వుతారు, పిల్ల ఇంటికొచ్చి నిలదీస్తుంది. అయినా ఏటి మీది మమకారం వదులుకోనక్కరలేదు. ఆ పేరు పుట్టిన చోటికే వెళ్ళండి. వినత! అణకువ గల పిల్ల అని అర్థం. పిలిస్తే సాగుతుంది, వ్రాస్తే తప్పు పోదు, టెక్సాస్‌లోనూ నోరు తిరుగుతుంది. ఆవిడ సవతి దగ్గర దాస్యం చేసింది గదా అని పెద్దలెవరైనా అభ్యంతరం చెబితే, ఆ దాస్యం తీర్చడానికి అమృతం తెచ్చిన బిడ్డ తల్లి కూడా ఆవిడే అని చెప్పండి.

నక్షత్రాక్షరం సంగతి పెద్ద చిక్కే కాదు. ణ తోనూ, ఠ తోనూ పేర్లు దొరకవని పూర్వులకూ తెలుసు. ఆర్ద్రలో పుట్టినవారికి ఙ అక్షరం ఉంది. దానితో ఎవరికి పేరు పెట్టగలం? అందుకే జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అన్నారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో వ్రాసేటప్పుడు నక్షత్రానికి తగ్గ పేరూ వ్రాయండి. పిలిచే పేరు మీ ఇష్టం.

మిగిలింది అత్తగారు. అసలు ప్రశ్న అదే. ఆవిడ అడుగుతున్నది పేరు కాదు, తనను చేరదీసిన ఒక మనిషి జ్ఞాపకం. ఒక్కటి గుర్తుంచుకోండి. పూర్వం కోడళ్ళు అత్తమామల పేర్లు నోటితో పలికేవారు కాదు. ఆ పేరు మనవరాలికి పెట్టినా తల్లి దాన్ని పిలవలేక బుజ్జి అనో, చిట్టి అనో, అమ్మడు అనో పిలిచేది. పెద్దావిడ పేరు రిజిస్టరులో మిగిలేదే గాని ఎవరి చెవినా పడేది కాదు. మీరు అత్తగారి పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి: "ఆ పేరు కాగితం మీద ఉంటే చాలా అత్తయ్యగారూ, రోజూ ఇంట్లో వినపడాలా?" వినపడాలంటే మాణిక్య అని పెట్టుకుని, అలాగే పిలుచుకోండి. ద్రాక్షారామం అమ్మవారి పేరూ నిలుస్తుంది, పెద్దావిడ పేరూ నిలుస్తుంది. ఈ పేరు కూడా మూడు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. కాగితం మీద ఉంటే చాలునంటే బియ్యంలో మాణిక్యాంబ అని వ్రాయించి, వినత అని పిలుచుకోండి. రెండూ కలిపి మాణిక్య వినత అన్నా బరువేమీ కాదు. మూడోది మాత్రం చేర్చకండి.

ఏది నిశ్చయించినా ఆ మాట అత్తగారి నోటనే ముందు రానివ్వండి. బారసాల నాడు బిడ్డ చెవిలో ఆ పేరు ఆవిడ చేతనే చెప్పించండి. బిడ్డను అడిగి పెట్టలేం గనుక, పెట్టే మనమంతా ఒక్క మాట మీద ఉండడం దానికి మనం చేయగల మర్యాద. తన పేరు వెనక ఇంట్లో తగవు జరిగిందని పెద్దయ్యాక వినడం కన్న, నానమ్మా అమ్మా కలిసి ఏరారని వినడం ఏ పిల్లకైనా బాగుంటుంది గదా!