నాయనమ్మ గొంతులో కీచు

ఫ్రెండు షార్ట్ ఫిల్మ్‌లో వేపచెట్టు మాట్లాడే సీనుంది. సౌండ్ బాధ్యత నాది. రెండేళ్ల కిందట పోయిన మా నాయనమ్మ గొంతు ఫోన్లో నలభై సెకన్లుంది, అదే వాడదామనుకున్నా. కానీ గిన్నెలు సర్దుతూ మాట్లాడింది, వింటే చెవిలో కీచు!

మామూలు కంప్రెసర్ మొత్తం శబ్దాన్నీ ఒకేసారి తగ్గిస్తుంది. స్పెక్ట్రల్ రకం శబ్దాన్ని సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కలుగా కోసి, పొంగినచోటే నొక్కుతుంది. ఇంజినీరింగులో బట్టీ కొట్టిన ఎఫ్ఎఫ్‌టీయే ఇది. చిక్కేంటంటే, సెకనుకి 48 వేల శాంపిళ్లున్న ఆడియోలో 2048 శాంపిళ్ల కిటికీ అంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. కిటికీ పెరిగేకొద్దీ ట, ప లాంటి అక్షరాల దెబ్బ మెత్తబడుతుంది.

ముందు ఉచితంగా దొరికే ఓటీటీ పెట్టా (సినిమాల ఓటీటీ కాదండోయ్). దానికి మూడు బ్యాండ్లే. పైగా చిన్న శబ్దాల్ని పైకి లేపుతుంది. దెబ్బకి వెనకున్న ఫ్యాను కూడా డైలాగ్ చెప్పింది! సింథ్‌లకి బంగారం, మనకొద్దు.

తర్వాత సూత్2 ట్రయల్. కీచు మాయం. హమ్మయ్య అనుకుని డెల్టా నొక్కా. అది తీసేస్తున్న శబ్దాన్ని మాత్రమే వినిపిస్తుంది. గిన్నెలతోపాటు, "ఒరేయ్" అన్నప్పుడు నాయనమ్మకొచ్చే సన్నటి జీర కూడా అందులోనే ఉంది. గట్టిగా నొక్కింది నేనే, ప్లగిన్ తప్పేం లేదు.

చివరికి ప్రో-క్యూ 4 తీసుకున్నా. ఈక్వలైజర్ ఎలాగూ కావాలి, స్పెక్ట్రల్ పనిని అందులో ఒక్క బ్యాండ్‌కే పెట్టుకోవచ్చు.

"ఇంకా కాస్త కీచుంది మావా" అన్నాడు ఫ్రెండు.

"ఉండనీరా" అన్నా.