మచ్చు చూసి టిక్కీని తూచవచ్చా?

ఎండలు ముదిరేసరికి సత్తెనపల్లి చుట్టుపక్కల రైతులు మిరపకాయలను టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలుకుపోతారు. అక్కడ వ్యాపారి టిక్కీ మొత్తాన్ని కుమ్మరించి చూడడు. చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, ఎండాయో లేదో నలిపి చూస్తాడు, ధర చెబుతాడు. ఆ గుప్పెడు కాయలే మచ్చు.

అవే ఎండల్లో మన ఊరి విద్యార్థులు ప్రవేశ పరీక్షలకు బయలుదేరతారు. అక్కడ జరిగేదీ ఇదే. రెండేళ్ల ఇంటర్ చదువును మొత్తంగా కుమ్మరించి చూసే పరీక్ష ఎక్కడా లేదు. పరీక్ష అంటే మచ్చు మాత్రమే. ఈ చిన్న సంగతిని మనం మరచిపోతున్నామని నా అభిప్రాయం.

మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. వంద చింతపిక్కలు తీసుకొని, అందులో 60 పిక్కల మీద సున్నం చుక్క పెట్టండి. అన్నింటినీ సంచిలో వేసి బాగా కలిపి, కళ్లు మూసుకొని పది తీయండి. చుక్క ఉన్నవి ఎన్ని? ఆరు రావాలి కదా! కాని ఒకసారి నాలుగే వస్తాయి, మరోసారి ఎనిమిది వస్తాయి. పిక్కలు సంచిలో వేసి మళ్లీ తీయండి. ఇలా ఇరవైసార్లు చేసి కాగితం మీద రాసుకోండి. సంచి మారలేదు, మచ్చు మాత్రం ప్రతిసారీ మారింది.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. మన రాష్ట్రంలో 1986లో ఎంసెట్ మొదలయింది. వైద్యవిద్య ప్రవేశాలు నీట్‌కు మారిన తరువాత, 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్. ఇంజనీరింగుకు వెళ్లేవారికి మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఉంటాయి. గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. పాఠాల్లో నూటికి 60 పాళ్లు బాగా వచ్చిన విద్యార్థి ఒకడున్నాడనుకోండి. వాడికి తెలిసిన ప్రశ్నలు 96 రావాలి. కాని ప్రశ్నలను ఏ వరుసా లేకుండా తీస్తే, అటూ ఇటూ ఆరు ప్రశ్నల తేడా మామూలేనని గణాంకశాస్త్రం చెబుతుంది. అంటే ఒకనాడు 90, మరొకనాడు 102. మధ్య మార్కుల దగ్గర విద్యార్థులు కిక్కిరిసి ఉంటారు కనుక ఆ ఆరు మార్కులే వేల ర్యాంకుల తేడాగా మారతాయి.

అయితే పరీక్షలు వద్దా? అలా అనడం లేదు. సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ. పత్తి రైతు బిడ్డకూ, పట్నంలో డాక్టరు బిడ్డకూ ఒకే కొలబద్ద ఉండటం న్యాయమే. అయిదు వందల ర్యాంకుకూ లక్ష ర్యాంకుకూ మధ్య నిజమైన తేడా ఉంటుంది. మచ్చు అబద్ధం చెప్పదు. కాని దానికి తెలిసినదానికంటే ఎక్కువ దానిచేత చెప్పించకూడదు. ఇరవై వేల ర్యాంకు వచ్చినవాడు తెలివిగలవాడనీ, ఇరవై ఆరు వేల ర్యాంకు వచ్చినవాడు మొద్దు అనీ ఆ మచ్చు చెప్పలేదు.

మచ్చును నమ్మదగినదిగా చేయాలంటే ఏం చేయాలి? సంచిలోంచి పదికి బదులు నలభై పిక్కలు తీయండి, తేడా బాగా తగ్గుతుంది. అందుకే ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం విలువ ఇవ్వడం మంచిదని నేను అంటాను. కోవిడ్ కాలంలో పక్కనబెట్టిన ఈ పద్ధతిని మన రాష్ట్రం 2023లో మళ్లీ తెచ్చింది. అదే సంవత్సరం తెలంగాణ దాన్ని పూర్తిగా తీసివేసింది. ఒక్కో బోర్డు ఒక్కో తీరుగా మార్కులు వేస్తుందన్న అభ్యంతరం నిజమే. దానికి మందు బోర్డుల మార్కులను సరిచూడటమే గాని, రెండేళ్ల చదువును మూడు గంటలకు కుదించడం కాదు.

కొలిచే చేతిలోనూ పొరపాటు ఉండవచ్చు. తెలంగాణలో 2019 ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. జవాబు పత్రం మళ్లీ చూస్తే 99! సందేహం ఉన్నప్పుడు మళ్లీ లెక్కించమని దరఖాస్తు పెట్టడానికి సిగ్గుపడనక్కరలేదు.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. తరువాత ఆయన అమెరికాలో తన బృందంతో కలిసి చేసిన పరిశోధనల నుంచి కాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్ వచ్చాయి. పరీక్ష తప్పితే గొప్పవారవుతారని దీని అర్థం కాదు. మెట్రిక్ పరీక్ష తీసిన మచ్చులో ఆ పట్టుదల కనిపించలేదు, అంతే.

మరి మీరు చేయవలసినదేమిటి? ముందుగా నియమాలు తెలుసుకోండి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కు పోదు. కనుక ఒక్క ప్రశ్ననూ వదలవద్దు. జేఈఈ మెయిన్, నీట్‌లలో ఒప్పుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. అక్కడ కాని జవాబులను కొట్టివేశాకే గుర్తు పెట్టండి. ఒకే తలుపు దగ్గర నిలబడవద్దు. నూజివీడు, ఒంగోలు ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు చేర్చుకుంటారు. పాలిటెక్నిక్‌కు వెళ్లి, తరువాత ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరే దారీ ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు మనసు చెదిరితే గదిలో ఒంటరిగా కూర్చోవద్దు. అమ్మకో, నాన్నకో, మాస్టారికో చెప్పండి. పెద్దలకూ ఒక మాట: యార్డులో ధర తగ్గిందని ఏ రైతూ తన చేను పనికిరాదనుకోడు. వచ్చే ఏటికి మళ్లీ విత్తనం సిద్ధం చేసుకుంటాడు. పిల్లల విషయంలోనూ ఆ ఓపిక చూపిద్దాం.