ముదిరిన సొరకాయ.. మంచినీళ్ల సీసా!

పాదు మీద సొరకాయ ఒకటి కంటపడకుండా ముదిరిపోయిందంటే ఇల్లాలికి ప్రాణం ఉసూరుమంటుంది. గోరు దిగని కాయ కూరకూ పనికిరాదు, పులుసుకూ పనికిరాదు. మన్యంలోని గిరిజన రైతుల లెక్క వేరు. లేతవి వండుకుని, ఆకారం కుదిరిన ఒకటి రెండు కాయల్ని కావాలనే పాదుకు వదిలేస్తారు. ఎండాక అవే సొరకాయ బుర్రలు. అడవికో పొలానికో వెళ్లేటప్పుడు మంచినీళ్లో అంబలో పోసుకుని భుజానికి తగిలించుకుంటారు. పైసా ఖర్చు లేదు!

మనిషి సాగుచేసిన అతి పాత పంటల్లో సొర ఒకటి. పుట్టిల్లు ఆఫ్రికా. కాయ నీళ్లమీద తేలుతుంది, నెలల తరబడి నానినా లోపలి గింజ చావదు. అలా సముద్రం మీద తేలుతూనే అమెరికా ఖండాలకు చేరి ఉంటుందని 2014లో జన్యు పరిశోధకులు తేల్చారు. అంత దూరం ఎందుకు? బావిలో ఈత నేర్చుకునే పిల్లలకు ఎండు సొరకాయలు కట్టి దింపడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బుర్రకథకు ఆ పేరు తెచ్చిందీ తంబురాకుండే బుర్రేనంటారు.

సీసా చేయాలంటే పొడుగు కాయలు వద్దు. కింద గుండ్రంగా, పైన సన్నటి మెడతో ఉండే రకం కావాలి. తొడిమ దగ్గర తీగ ఎండేదాకా కోయకూడదు. కోసేటప్పుడు జానెడు తీగ ఉంచి, నీడలో గాలి తగిలేచోట వేలాడదీయాలి. తొందరపడితే కుళ్లుతుంది. పైన బూజు పడుతుంది, కంగారక్కర్లేదు, తుడిస్తే సరి. కాయ సైజును బట్టి నెలో, మూడు నెలలో పడుతుంది. ఊపితే లోపల గింజలు గలగలమంటే ఎండినట్టే.

ముక్కుకు గుడ్డ కట్టుకుని (ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు) చాకు వెనకవైపుతో పైపొర గీకాలి. మెడ చివర సన్న రంపంతో కోసి గింజలు దులపాలి. లోపలి పీచు ఓ పట్టాన ఊడదు. గుప్పెడు గులకరాళ్లు, కాస్త ఇసుక, నీళ్లు పోసి గిలక్కొట్టాలి. చేతులు నొప్పెట్టేదాకా!

ఇక్కడే జాగ్రత్త. ఎండిన బుర్ర లోపల చేదు ఉంటుంది. ఆ చేదు ఉత్త రుచి కాదు, విషం. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ చేదుగా ఉంటే ఆ రసం తాగొద్దని గట్టిగా చెప్పింది. అందుకే బుర్రను నీళ్లతో నింపి, రోజూ పారబోసి, మళ్లీ నింపాలి. వారమైనా, రెండు వారాలైనా సరే. నాలుక మీద చుక్క వేసుకుని ఉమ్మేసి చూడాలి. చేదు పోలేదంటే ఆ బుర్ర నీళ్లకు కాదు.

ఇక మూత. అబ్బాయిలకు చాకు పని నేర్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు లేదు. అమ్మాయిలకు మాత్రం ఎందుకు నేర్పకూడదు? బాగా ఎండిన మెత్తటి కొమ్మ ముక్క తీసుకుని, ఒళ్లో పెట్టుకోకుండా, చాకు ఎప్పుడూ అవతలికే పోయేలా పల్చటి పెచ్చులుగా చెక్కాలి. ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా రావాలి. వదులైతే నూలుగుడ్డ చుట్టొచ్చు. ఈ తంటా వద్దనుకుంటే మొక్కజొన్న బెండు ఉండనే ఉంది. మెడకు జనపతాడు అల్లి ఉచ్చు వేస్తే భుజానికి పట్టీ. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో పైన ముగ్గులూ దించొచ్చు, అది పెద్దవాళ్ల పని.

అసలు చిక్కు విత్తనంతోనే. బజారు కోసం వేసే సంకర రకాలు లేతగా కోతకొచ్చే పొడుగు కాయలే. వాటి గింజ దాచినా తల్లిలాంటి కాయ కాయదు. మెడ ఉన్న నాటు రకం కావాలంటే ఎవరి దొడ్లో ఉందో వెతుక్కుని, ముదురు కాయ గింజలు అడిగి తెచ్చుకోవాల్సిందే. పాదుకు ఒక్క కాయైనా ముదరనివ్వకపోతే మరుసటేడు వేయడానికి గింజ ఉండదు.

వాడాక బోర్లించి ఆరబెడితే బుర్ర ఏళ్లు మన్నుతుంది. చేతిజారి పగిలినా గిరిజన ఇళ్లలో పారేయరు. కింది సగం గరిటో, దొప్పో అవుతుంది. చిల్లిపడిందయితే బూడిద కలిపిన విత్తనాలు పోసి, పొయ్యి పైన దూలానికి వేలాడదీస్తారు.