పన్నెండు వేల తేడా

సెకండ్ హ్యాండ్ బండి కోసం నాన్న, నేను నెల రోజులుగా తిరుగుతున్నాం. చివరికి రెండు మిగిలాయి. రెండూ 150 సీసీవే. ఒకటి 2018 మోడల్, ఏబీఎస్ లేదు. ఇంకోటి 2020ది, ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. తేడా 12 వేలు. "ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా, నాకెప్పుడైనా అవసరం పడిందా?" అంటారు నాన్న. హాస్టల్లో సీనియర్ అన్నదీ అదే: "బ్రేక్ కొట్టడం రావాలి గానీ ఏబీఎస్ దేనికిరా?"

సరే, వచ్చనే అనుకుందాం. దూరం నుంచి సిగ్నల్ కనిపిస్తున్నప్పుడు అందరికీ వచ్చు. వానలో డివైడర్ సందులోంచి గేదె అడ్డం వస్తే మాత్రం నేర్చుకున్నదేదీ గుర్తుండదు, చెయ్యి లివర్‌ని బిగించి పట్టేస్తుంది. పోయిన జూలైలో ఫ్రెండ్ బండి మీద నాకు జరిగింది అదే. ముందు చక్రం లాకైంది, నేను రోడ్డు మీదున్నాను. స్పీడు 40 కూడా లేదు. ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పాను. (నాన్న ఈ పత్రిక చదవరనే ధైర్యంతో రాస్తున్నా.)

దొర్లే టైరుకి ఉన్న పట్టు జారే టైరుకి ఉండదు. స్టాటిక్ ఫ్రిక్షన్, కైనెటిక్ ఫ్రిక్షన్ అని రాసి మనం మార్కులు తెచ్చుకున్నదే. చక్రం ఆగిపోబోతోందని సెన్సర్ చెప్పగానే ఏబీఎస్ బ్రేక్ ప్రెషర్ తగ్గించి మళ్లీ పెంచుతుంది, సెకనుకి ఎన్నోసార్లు. అప్పుడు లివర్ దడదడలాడుతుంది. భయపడి వదిలేయకూడదు.

"ముందు బ్రేక్ జోలికి పోకు" అని మనందరికీ ఇంట్లో నేర్పారు. కానీ బ్రేక్ పడగానే బరువంతా ముందుకే వస్తుంది, బండిని ఎక్కువగా ఆపేది ఆ చక్రమే. ఏబీఎస్ ఉంటే దాన్ని వాడే ధైర్యం వస్తుంది. నా లెక్కలో 12 వేలు దానికే.

అలాగని అదేం మాయ కాదు. ఇసుక, కంకర మీద ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టొచ్చు. బండి వంచి మలుపు తిప్పుతూ బ్రేక్ కొడితే మామూలు ఏబీఎస్‌ని నమ్ముకోలేం. డ్యుయల్ ఛానెల్ కోసం నేనైతే అప్పు చేయను. వెనక చక్రం లాకైతే బండి తోక ఊపుతుంది, చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది లాకైతే సర్దుకునే టైమే ఉండదు.

ఇంకోటి, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అప్పట్లో ఆ లోపు వాటికి సీబీఎస్ చాలన్నారు. అది బ్రేక్‌ని రెండు చక్రాలకీ పంచుతుందంతే, లాక్ కాకుండా ఆపదు. "రెండూ ఒకటే తమ్ముడూ" అనే బ్రోకర్ మాట వినకండి.

ఆదివారం బేరానికి వెళ్తున్నాం. 12 వేలు ఎందుకు ఎక్కువని నాన్న మళ్లీ అడుగుతారు. ఈసారి చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మీద మచ్చ చూపించాల్సి వచ్చేలా ఉంది.