అమ్మమ్మ మోకాలు, ఎలక మోకాలు

మా అమ్మమ్మకి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. పెరంబూరులో మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్టు మెట్టుకీ ఆగి "అబ్బా" అంటుంది. ఇంజక్షన్ వేయిద్దామా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు, ఇలాంటి మందులు ముందు ఎవరి మోకాలికి వేసి చూస్తారో తెలుసుకోవాలనిపించింది.

ఎలకకి అంత తేలిగ్గా మోకాలు అరగదు. అందుకని పాడుచేస్తారు. మోనో అయొడో ఎసిటేట్ అనే రసాయనం కీలులోకి ఎక్కిస్తే మృదులాస్థి కణాలు చచ్చిపోయి, కొద్ది వారాల్లో కీలు దెబ్బతింటుంది. కుందేళ్ళకీ కుక్కలకీ అయితే మోకాలి లోపలి లిగమెంటు కోస్తారు. తరవాత అదే కీలులోకి మందు వేసి, ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో కొలుస్తారు. చివరికి చంపి, కీలుని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు.

అసలు పరీక్షే వద్దని నేననను. ఎక్కడా పరీక్షించని సూది అమ్మమ్మకి గుచ్చుతామంటే ఒప్పుకుంటానా? కానీ అమ్మమ్మ మోకాలు ఎన్నో ఏళ్ళ చాకిరీతో అరిగింది. కుర్ర ఎలకకి వారాల్లో పాడుచేసిన కీలు దానికి సాటి ఎలా అవుతుంది? 2017లో అమెరికాలో 140 మంది రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. మూడు నెలలకోసారి, రెండేళ్ళపాటు స్టెరాయిడ్ ఇంజక్షన్ వేసినవాళ్ళకి, ఉప్పునీళ్ళు వేసినవాళ్ళకంటే నొప్పేమీ ఎక్కువ తగ్గలేదు. పైగా గుజ్జు ఎక్కువ అరిగింది! ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న మందు సంగతి ఇది.

ఈ చర్చ మన ఊరికి కొత్త కాదు. కళాక్షేత్ర రుక్మిణీదేవి రాజ్యసభలో పట్టుబట్టబట్టే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. అది ప్రయోగాలని ఆపలేదు. వీలైనచోట మానుకోమంది, పెద్ద జంతువు బదులు చిన్నదానితో పనయితే చిన్నదే వాడమంది. ఇక్కడే నాకు మింగుడుపడదు. ప్రాణి చిన్నదైతే నొప్పి చిన్నదవుతుందా? 2023లో మన కొత్త మందుల నిబంధనలు మార్చి, ల్యాబులో పెంచిన మనిషి కణాల్లాంటి పద్ధతులకీ చోటిచ్చారు. అది నయం.

ఇంకో దారీ ఉంది. వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల ఉంది కదా, అలాంటి ఆసుపత్రులకి కుంటుకుంటూ వచ్చే ముసలి లాబ్రడార్లని చూడండి. వయసుకీ బరువుకీ వాటి కీళ్ళూ మనలాగే అరుగుతాయి. తొలి పరీక్షల్లో ప్రమాదం లేదని తేలిన మందుని, యజమాని ఒప్పుకుంటే, వాటికి వేసి చూడొచ్చు. పనిచేస్తే కుక్కకీ మేలే. చిక్కేమిటంటే, ఉత్త నీళ్ళు గుచ్చినా "మావాడు బాగా నడుస్తున్నాడండీ" అనే యజమానులుంటారు. అందుకని కాలి బరువు కొలిచే పలక మీద నడిపించి చూడాల్సిందే.

అమ్మమ్మకి ఇదంతా చెప్పాను. "ఎలకకి మోకాలుంటుందటే?" అని నవ్వింది. కొన్ని జిగురు ఇంజక్షన్లు కోడిపుంజు తురాయి నించి తీస్తారని చెప్పేసరికి నవ్వు ఆగింది. గుడ్డు కూడా ముట్టని మనిషి. "మనకి వేసేది ఏ రకమో డాక్టర్ని అడిగి రా" అంది.