కిటికీ చాలదు, వాకిలి కావాలి

విండోస్ 10కు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆయువు తీరింది. తీర్చినవాడు కాలపురుషుడు కాదు, దాన్ని తయారుచేసిన మైక్రోసాఫ్టు సంస్థయే. ఆనాటితో మామూలు రక్షణ సవరణలు నిలిపివేసి, అదనపు పథకంలో నమోదైనవారికి మాత్రం మరికొంత వాయిదా ఇచ్చింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి, 2020 జనవరి 14న విండోస్ 7కు ఇదే గతి పట్టింది. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే, టీపీయం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, సంస్థవారి జాబితాకెక్కిన ప్రాసెసరు ఉండాలి. 2017కు ముందు కొన్న యంత్రాలలో అధికభాగం ఆ పంక్తిలో కూర్చోవడానికి అర్హమైనవి కావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బడులలో, గ్రంథాలయాలలో, సాహిత్య సంఘాల గదులలో, మాబోటి విశ్రాంత ఉపాధ్యాయుల ఇళ్లలో అటువంటి యంత్రాలు ఎన్నో ఉన్నాయి. మీటలు పలుకుతున్నాయి, తెర వెలుగుతోంది, అయినా అవి చచ్చినట్టే లెక్క.

నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ యంత్రాలను అటకెక్కించకండి. వాటిలో గ్నూ/లినక్సు వేసుకోండి. కొత్త యంత్రం కొన్నవారు కూడా అదే వేసుకోండి. ఖర్చు తగ్గుతుందన్నది నిజమే కాని, నా వాదానికి అది ప్రాణం కాదు. తెలుగు అక్షరానికి యజమాని ఎవరు అన్నదే నా ప్రశ్న.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాట రెండర్థాలు మోస్తుంది. అందుచేతనే 1983లో గ్నూ పథకాన్ని ప్రకటించిన రిచర్డ్ స్టాల్మన్, తాను చెప్పేది ధర సంగతి కాదని దశాబ్దాల తరబడి వివరించుకోవలసి వచ్చింది. మన భాషకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. సత్రంలో పెట్టే భోజనం ఉచితం. మన పొయ్యి మీద మనకు నచ్చినట్టు వండుకోవడం స్వేచ్ఛ. స్వేచ్ఛా సాఫ్టువేరుకు చెప్పే నాలుగు లక్షణాలు ఏ తెలుగు మేష్టారుకైనా సులభంగా బోధపడతాయి. పద్యాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. దాని అన్వయం విప్పి చూడవచ్చు. పదిమందికి వల్లె వేయించవచ్చు. దానికి వ్యాఖ్య రాసి ఆ వ్యాఖ్యనూ పంచవచ్చు. చదువుకో కాని అర్థం అడగకు, పక్కవాడికి చెప్పకు అనే గురువును మనం గురువని అంటామా?

"ఇది సిద్ధాంతం, తెలుగు రాసుకునేవాడికి దీనివల్ల ఒరిగేదేమిటి?" అంటారా? మన కళ్లముందు జరిగిన నష్టాన్నే చూడండి. కంప్యూటరు అచ్చు వచ్చిన తొలినాళ్లలో తెలుగు ఖతులు తయారుచేసిన ప్రతి సంస్థా తన అక్షరాలకు తనదైన రహస్య సంకేతం పెట్టుకుంది. ఒకరి 'క' మరొకరి ఖతిలో 'ఱ' అయినా కావచ్చు, అర్థం లేని గీత అయినా కావచ్చు. ఆ పద్ధతిలో కూర్చిన పుస్తకాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. వాటి దస్త్రాలను మాత్రం ఆ ఖతి, ఆ మృదులాంత్రం, ఆనాటి విండోసు మూడూ ఒకచోట చేరితే తప్ప తెరిచి చదవలేము, వెతకలేము. వాటిని కూర్చిన పేజిమేకరుకు 2001లో వచ్చిన 7.0 సంచికే చివరిది.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో నెలకొల్పిన కథానిలయానికి వెళ్లి చూడండి. ముత్తాతల కాలపు పత్రికలలోని కథలు ఈనాటికీ చదవవచ్చు. కాగితం పొడిబారింది కాని అక్షరం మూగపోలేదు. శ్రీముఖలింగం గుడి శాసనాలు శతాబ్దాల నాటివి. లిపి నేర్చినవాడికి అవీ పలుకుతాయి. 1998లో ఒక రచయిత ఫ్లాపీలో దాచిన నవల మాత్రం పలకదు! రాతికి ఉన్న ఔదార్యం రహస్య సంకేతానికి లేకపోయింది.

ఈ రోగానికి యూనీకోడు సగం మందు. 1991లో వెలువడిన తొలి సంచికలోనే తెలుగుకు చోటు దొరికింది. లినస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకానికి ప్రకటించినదీ ఆ యేడాదే. న్యాయంగా చెప్పాలంటే మైక్రోసాఫ్టు కూడా 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఖతిని ఇచ్చి ఎంతోమందికి యూనీకోడు తెలుగును అలవాటు చేసింది. ఆ మేలు మరువరాదు. అయితే యూనీకోడు ఇచ్చేది అక్షరానికి సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యలను కలిపి, గుణింతం కట్టి, వత్తు కిందికి దించి, తెర మీద బొమ్మగా నిలిపేది లోపలి యంత్రాంగం. అది మూసిన పెట్టెలో ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరం, నడుమ కంటికి కనబడని ఒక విడదీత సంకేతంతో కలిసి వస్తే చాలు, ఐఫోనులో సందేశాలు చదివే అప్లికేషన్లు కుప్పకూలాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని జోకులు పేలాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణ పంపేదాకా కోట్లమంది తెలుగువారు చేయగలిగినది ఎదురుచూడడమే. ఆ అక్షరం కట్టు తెలిసిన పండితులు, ప్రోగ్రాము రాయగల యువకులు మనలో ఎందరో ఉన్నారు. పెట్టె మూత తీసే హక్కే ఎవరికీ లేదు.

స్వేచ్ఛా సాఫ్టువేరులో దోషాలుండవని నేననను. తప్పులేని గ్రంథం లేదు. అక్కడ అదే పని చేసే హార్ఫ్‌బజ్ అనే యంత్రాంగపు మూలసంకేతం బట్టబయలుగా ఉంది. తెలుగు తెలిసినవాడు తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు, దిద్దినది పదిమందికి ఇవ్వవచ్చు. అచ్చుతప్పుల పట్టిక వేసుకునే హక్కు పాఠకుడికి ఉన్న పుస్తకం ఒకటి, లేని పుస్తకం ఒకటి. నేను మొదటిదాన్నే కొంటాను.

మరొక ఉదాహరణ చూపుతాను. దంత్య చ, జలకు గుర్తులైన ౘ, ౙ యూనీకోడులో చేరినది 2008లో. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం దొరికినది 2021లో. 'చలి'కీ 'చక్రము'కూ ఉచ్చారణలో గల భేదాన్ని పిల్లలకు చూపాలనుకునే ఉపాధ్యాయుడికి ఇవి అవసరం. 2001 నాటి ఖతిలో 2008 నాటి అక్షరం ఎలా ఉంటుంది? కంపెనీ తన తీరిక చూసుకొని చేర్చాలి. స్వేచ్ఛా లైసెన్సు ఉన్న ఖతికైతే పనివాడు ఎవడైనా చేర్చవచ్చు. తిరుమల కృష్ణదేశికాచారిగారి పోతన, వేమన ఖతులు, రెడ్‌హ్యాట్ వారి లోహిత్, సిలికానాంధ్ర వెలువరించిన ఖతులు ఇటువంటివే. ఆఖరివాటిలో మన ప్రాంతపు మహనీయులు గిడుగు, గురజాడల పేర్లవి రెండున్నాయి.

ఇక ఆక్షేపణలకు వస్తాను.

"ఆ ఖతులేవో విండోసులోనే వేసుకుంటాం. ఇల్లు మారడం దేనికి?" అన్నది మొదటిది. వేసుకోండి, మంచిదే. కాని ఖతి వస్త్రం, లోపలి యంత్రాంగం దేహం. వస్త్రం మనదై దేహం పరాధీనమైతే చాలునా? ఏనాడు గడువు తీరాలో, ప్రారంభంలోనే సంస్థ ఖాతా తెరవమని ఎప్పుడు అడగాలో, యంత్రం ఎప్పుడు పనికిరానిది కావాలో నిర్ణయించేది ఇంకొకరు. కిటికీలోంచి దృశ్యం అందంగానే కనబడుతుంది. కాని ఇంట్లోకి వెళ్లడానికి వాకిలి కావాలి.

"అలవాటు లేదు, కష్టం" అన్నది రెండవది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు గుండెకాయ లినక్సే. దాన్ని ఎవరి దగ్గర శిక్షణ పొంది వాడుతున్నారు? కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రభుత్వ పాఠశాలలను దశలవారీగా లినక్సుకు మార్చింది. 2008 నాటికి పదవ తరగతి కంప్యూటరు పరీక్షనే స్వేచ్ఛా సాఫ్టువేరు మీద నడిపించింది. మలయాళీ పిల్లవాడికి సాధ్యమైనది పాలకొండ పిల్లవాడికి, బొబ్బిలి పిల్లవాడికి అసాధ్యమా? మన రాష్ట్రంలోనూ 2005లోనే 'స్వేచ్ఛ' అన్న పేరుతో తెలుగు నిర్వహణ వ్యవస్థ వెలువడింది. మనకు లేనిది సాధనం కాదు, పట్టుదల.

"డీటీపీ వాళ్ల మాటేమిటి?" అన్నది మూడవది, బలమైనది కూడా. అచ్చుపని చేసేవారి వేళ్లకు ఆపిల్ అమరిక అనబడే మీటల వరస పట్టుబడి ఉంది. వేలు మరచిపోవడం కష్టం. అయితే ఆ అమరికతోబాటు ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్, పోతన అమరికలు కూడా లినక్సులో ఎం17ఎన్ అనే పొత్తంలో ఉన్నాయి. పుటలు కూర్చే స్క్రైబస్ 1.6 సంచిక 2024లో వచ్చింది. అది తెలుగు వత్తులను సరిగా కడుతుంది. వృత్తిపరంగా పాత మృదులాంత్రంతో ముడిపడినవారు దానికోసం ఒక యంత్రాన్ని అలాగే ఉంచుకోవచ్చు. నేను కాదనను. ఆ ఒక్క యంత్రం కోసం ఊరిలోని యంత్రాలన్నీ సంకెళ్లలో ఉండనక్కరలేదు.

నాలుగవది ఎవరూ పైకి అనరు. "విండోసు మాకు ఊరకనే దొరుకుతోంది కదా!" అవును, దొంగప్రతి. నీతిశతకం వల్లె వేయించే బడిలో దొంగప్రతితో కంప్యూటరు పాఠం చెప్పడం ఎంతటి విడ్డూరం! పిల్లవాడికి దానివల్ల రెండు పాఠాలు ఒంటబడతాయి. ఒకటి, ఇంకొకడి సొత్తు చెప్పకుండా తీసుకోవచ్చునన్నది. రెండు, లోపల ఏముందో అడగరాదన్నది. రెండవది మొదటిదానికంటె హానికరం.

గిడుగు రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగం చెంతనున్న పర్వతాలపేటలో జన్మించారు. ఆ గుడి శాసనాలను స్వయంకృషితో చదివారు. సవర భాష నేర్చి, పాఠాలు రాసి, నిఘంటువు కూర్చారు. సవరలు ఎందరున్నారు, ఎంత లాభం వస్తుంది అని లెక్క వేసుకొని పూనుకోలేదు. ఈనాడు సీతంపేట కొండలలోని సవర పిల్లవాడి భాషలో కంప్యూటరు తెర పలకాలంటే మూసిన పెట్టెవారు ముందు సంత పరిమాణం చూస్తారు. లినక్సులో నలుగురు యువకులు, ఒక ఉపాధ్యాయుడు, ఒక వేసవి సెలవు ఉంటే అనువాదం మొదలుపెట్టవచ్చు. అనుమతి అడగవలసిన గడప లేదు. తెలుగు మెజారిటీ భాష గనుక మనకు ఈ సంగతి వెంటనే తట్టదు. ప్రపంచపు సంతలో మనమూ సవరలమే.

చేయవలసినది స్వల్పం. ముందుగా మీ రాతలన్నీ ఇంకొకచోట భద్రపరచుకోండి. రహస్య సంకేతపు దస్త్రాలుంటే పాత యంత్రం బతికి ఉండగానే యూనీకోడులోకి మార్చించుకోండి. ఉబుంటునో, పాత యంత్రమైతే లినక్స్ మింట్ తేలిక సంచికనో పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఏదీ చెరపకుండానే నడిపి చూడండి. ప్రింటరు, స్పీకర్లు, తెలుగు మీటలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోండి. తృప్తి కలిగిన తరువాతనే స్థాపించుకోండి. లిబ్రెఆఫీసులో రాయండి, బహిరంగ ప్రమాణంలో దాచండి. ఊరిలో ఒక్కరికి వస్తే చాలు, ఆ ఒక్కరు పదిమందికి నేర్పగలరు. విద్య పంచితే పెరుగుతుందని పిల్లలకు చెప్పే మనం, పంచడం నేరం కాని వ్యవస్థను ఎంచుకోవడమే న్యాయం.

ప్రతి యేటా ఆగస్టు 29న గిడుగువారి జయంతిని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాము. పూలదండలు, ఉపన్యాసాలు సరే. ఈసారి ప్రతి సాహిత్య సంఘమూ ఆ రోజున ఒక్క కంప్యూటరును పరాధీనత నుండి విడిపించాలని నా మనవి. దండ సాయంత్రానికి వాడుతుంది. ఆ యంత్రం మరి కొన్నేళ్లు తెలుగు రాస్తుంది.

స్వస్తి.