ఊడే జుట్టుకు మన రక్తమే మందా?

డెంగీ జ్వరాల రోజుల్లో నరసరావుపేటలో ఏ ఆస్పత్రి వరండాలో నిలబడినా ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయ్?" చదువురాని అమ్మమ్మలకు కూడా ఆ మాట నోటికి వచ్చేసింది. ఇప్పుడవే ప్లేట్‌లెట్లు అందం పేరుతో మళ్లీ మన ఇళ్లకొచ్చాయి.

మొన్న గురజాల నుంచి మా మేనకోడలు వచ్చింది. కాన్పై నాలుగు నెలలు. బారెడు జడ కాస్తా ఎలుకతోకలా అయింది. "అత్తా, పీఆర్పీ చేయించుకుంటా. ఆరుసార్లు రమ్మన్నారు. గొలుసు కుదువ పెడదామనుకుంటున్నా" అంది. రక్తపరీక్ష ఏమన్నా రాశారా అంటే లేదట. అసలు ఏం చేస్తారో కూడా దానికి తెలియదు!

అందులో మాయేమీ లేదు. మన చేతి నుంచే కాస్త రక్తం తీసి, గొట్టంలో పోసి యంత్రంలో గిరగిరా తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పసుప్పచ్చటి ప్లాస్మా పైకి తేలుతుంది. ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న భాగాన్ని సన్న సూదితో మాడులోకి ఎక్కిస్తారు. గాయం మాన్పే పదార్థాలు వాటిలో ఉంటాయి గనక వెంట్రుక కుదుళ్లకూ బలమిస్తాయని ఆశ. వంశపారంపర్యంగా పాపిట వెడల్పయ్యేవాళ్లలో కొందరికి మేలు కనిపించింది కూడా. మొటిమల గుంటలకూ వాడుతున్నారు. మోకాళ్ల మాటకొస్తే, ఆస్ట్రేలియాలో 288 మందిపై చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది తర్వాత నొప్పి విషయంలో ఈ సూదికీ ఉత్త ఉప్పునీటి సూదికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మిరపకోతల్లో వంగి వంగి మోకాళ్లు అరిగిన మన అమ్మలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

కాన్పు తర్వాతా, పెద్ద జ్వరాల తర్వాతా రెండు మూడు నెలలకు కుప్పలుగా రాలే జుట్టు కథ వేరు. కుదురు చచ్చిపోదు, కొన్నాళ్లు నిద్రపోతుందంతే. చాలామందికి కొద్ది నెలల్లో దానంతటదే మళ్లీ వస్తుంది. కోటప్పకొండలో తలనీలాలిచ్చి, మొలిచేదాకా ఓపిక పట్టేవాళ్లమే కదా మనం!

దాన్ని వెంటబెట్టుకుని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికెళ్లా. ముందు థైరాయిడ్, రక్తం చూపించమన్నారు. హిమోగ్లోబిన్ ఎనిమిది! కాన్పప్పుడిచ్చిన ఐరన్ మాత్రలు పడటం లేదని డబ్బాలో దాచిందట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురిది ఇదే అవస్థ. ఒంట్లో లేని రక్తాన్ని తీయించుకోవడానికి గొలుసు తాకట్టా?

ఈ వైద్యమే వద్దని నేననను. అవసరమని చర్మవైద్యులు చెబితే చేయించుకోండి. కానీ సూది, గొట్టం మీ ఎదుటే కొత్తవి విప్పాలి, గొట్టం మీద మీ పేరు రాయాలి. అడగడానికి మొహమాటపడొద్దు. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో 2018లో ముఖానికి ఇదే చేయించుకున్న ముగ్గురు ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. పేర్లు రాయని రక్తం గొట్టాలు అక్కడ వంటింటి ఫ్రిజ్‌లో తిండి పక్కనే దొరికాయట.

మా పిల్ల గొలుసు దాని మెళ్లోనే ఉంది. మాత్ర వేసుకుందో లేదో రోజూ రాత్రి ఫోన్ చేసి అడుగుతున్నా. విసుక్కుంటోంది గానీ, వేసుకుంటోంది.